మూయాల్సిన నోళ్లు, మూయకూడని నోళ్లు: ఎమిషన్ సామాను తీసేసిన ఓ పాత బండి కేసు

నేపథ్యం

ఈ కేసులోని బండి 1980ల మొదట్లో తయారైన మోటార్ సైకిల్. గాలికి చల్లారే నాలుగు సిలిండర్ల ఇంజిన్, సిలిండర్‌కి రెండు వాల్వులు, నాలుగు సీవీ కార్బురేటర్లు (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపేవి; సీవీ అంటే వ్యాక్యూమ్‌తో స్లైడ్ లేచే రకం). ఇగ్నిషన్ ఎలక్ట్రానిక్‌దే అయినా టైమింగ్ అడ్వాన్స్ మాత్రం పాత పద్ధతిలో, బరువులూ స్ప్రింగులతో నడుస్తుంది. అమెరికా మార్కెట్ కోసం చేసిన మోడల్ కావడంతో ఎమిషన్ సామాను (పొగ, ఆవిరి తగ్గించే భాగాలు) నిండా ఉంది.

అక్కడ మోటార్ సైకిళ్లకు పొగ నిబంధనలు 1978 మోడల్ నుంచి మొదలయ్యాయి. 1980 మోడల్ నుంచి కిలోమీటరుకు హైడ్రోకార్బన్లు 5 గ్రాములు, కార్బన్ మోనాక్సైడ్ 12 గ్రాములు దాటకూడదన్నారు. దీన్ని అందుకోవడానికి కంపెనీలు చేసిన మొదటి పని, స్లోలో (యాక్సిలరేటర్ వదిలినప్పటి వేగంలో) మిక్చర్‌ని, అంటే గాలి పెట్రోల్ కలయికని, బాగా లీన్ చేసి (పెట్రోల్ పాళ్లు తగ్గించి), దాన్ని సరిచేసే స్క్రూ ఎవరూ తిప్పకుండా మీద ఇత్తడి బిళ్ల కొట్టేయడం. రెండో పని, ఎగ్జాస్ట్‌లోకి మంచి గాలి ఎక్కించడం. కవాసాకి దీన్ని క్లీన్ ఎయిర్ అంది, యమహా ఏఐఎస్ అంది, సుజుకి పెయిర్ అంది. పేరేదైనా పని ఒకటే. ఎగ్జాస్ట్ గ్యాస్ దడదడా బయటికి పోయేటప్పుడు ఒక్కో దెబ్బ వెనకాల పోర్టులో క్షణకాలం వ్యాక్యూమ్ పుడుతుంది. ఆ లాగుడుకి వాల్వు కవర్ మీదున్న రీడ్ (గాలిని ఒకవైపే పోనిచ్చే సన్నటి రేకు) తెరుచుకుని, ఎయిర్ బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) నుంచి శుభ్రమైన గాలి దిగుతుంది. సిలిండర్‌లో కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆ వేడిలోనే కాలిపోతుంది. పంపూ లేదు, బెల్టూ లేదు. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు మాత్రం ఈ గాలి ఆగాలి, లేదంటే సైలెన్సర్‌లో పటపటా పేలుతుంది. అందుకే మానిఫోల్డ్ వ్యాక్యూమ్‌తో (కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య పుట్టే లాగుడుతో) మూసుకునే స్విచ్ వాల్వు ఒకటి మధ్యలో ఉంటుంది.

ఈ బండికి మూడోది కూడా ఉంది: పెట్రోల్ ట్యాంక్ నుంచి వచ్చే ఆవిరిని పట్టి, ఇంజిన్ నడిచేటప్పుడు తిరిగి పంపే బొగ్గు డబ్బా. ఇలాంటి ట్యాంకు మూత బయటి గాలికి ఊపిరి తీసుకోదు. ట్యాంక్ ఊపిరి మొత్తం ఆ డబ్బాకి వెళ్లే గొట్టంలోంచే. ఈ చిన్న సంగతి తర్వాత పెద్దదైంది.

గొట్టాలు కట్టెల్లా గట్టిపడి, స్విచ్ వాల్వు ఇరుక్కుపోయి, విడి భాగాలు దొరక్క, యజమాని ఈ సామానంతా తనే తీసేశారు. రీడ్లు తీసి ఆ చోట అల్యూమినియం ప్లేట్లు బిగించారు. వ్యాక్యూమ్ గొట్టాలు పీకి రబ్బరు మూతలు పెట్టారు. బొగ్గు డబ్బా తీసేసి, దాని దగ్గరికి వచ్చే గొట్టాలన్నిటికీ తలో బోల్టు దూర్చి క్లిప్పులు వేశారు. ఎయిర్ బాక్స్‌కున్న గాలి గొట్టం నోరు మాత్రం తెరిచే ఉండిపోయింది.

ఫిర్యాదు

చోక్ పెడితే చల్లటి ఇంజిన్ బాగానే లేస్తోంది. వేడెక్కాకే గొడవ. యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ 2,500 ఆర్‌పీఎం దగ్గర వేలాడి, మెల్లగా దిగి, 900 కిందికి రాగానే ఆఫ్ అయిపోతోంది. 2,500 నుంచి 3,500 మధ్య పికప్ లేదు, మిస్సింగ్ కొడుతోంది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ పేలుతోంది. వీటికి తోడు ఇంకొకటి: హైవే మీద ఒకే స్పీడులో పావుగంట, ఇరవై నిమిషాలు వెళ్లాక పెట్రోల్ అయిపోయినట్టు బండి నీరసించి ఆగిపోతోంది. నాలుగైదు నిమిషాలు ఆగితే మళ్లీ లేస్తోంది. ట్యాంక్ ఫుల్ చేయించిన రోజున ఇంకా తొందరగా ఆగుతోందని, అందుకే పెట్రోల్ కల్తీదని యజమాని అనుమానం. ఆ చివరి మాటే ఈ కేసులో అన్నిటికన్నా విలువైన ఆధారం. అప్పటికి దాని విలువ ఎవరికీ తెలియలేదు.

వర్క్‌షాప్‌కి రాకముందు జరిగింది

సామాను తీసేస్తే ఇంజిన్ లీన్ అవుతుందని ఎక్కడో విని, యజమాని మెయిన్ జెట్లు (పెట్రోల్‌ని కొలిచి వదిలే చిల్లు ముక్కలు) 110 నుంచి 120కి, స్లో జెట్లు 37.5 నుంచి 42.5కి మార్చారు. ఇత్తడి బిళ్లలు డ్రిల్ చేసి, మిక్చర్ స్క్రూలు నాలుగేసి చుట్లు వదులు చేశారు. కొత్త ప్లగ్గులు వేశారు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి పడింది. ఎగ్జాస్ట్‌లో ఎక్కే గాలి ఎగ్జాస్ట్ వాల్వు దాటాక కలుస్తుంది. సిలిండర్ లోపల కాలే మిక్చర్‌తో దానికి సంబంధమే లేదు. దాన్ని తీసినంత మాత్రాన జెట్లు మార్చాల్సిన పనిలేదు, పవర్ పెరిగేదీ లేదు. తీశాక ఇంజిన్ లీన్ అయిందంటే, తీసిన భాగం వల్ల కాదు, తీసినచోట మిగిలిన కంత వల్ల.

ప్లగ్గులు విప్పి వరసగా పెడితే ఇదే కనిపించింది. 1, 2, 4 మసిపట్టి నల్లగా ఉన్నాయి. 3వది సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. జెట్లు నాలుగింటికీ ఒకేలా పెద్దవయ్యాయి, ఒక్క సిలిండర్ మాత్రం ఇంకా లీన్‌గానే ఉంది. ఇలాంటప్పుడు జెట్లను పక్కనపెట్టి ఆ ఒక్క సిలిండర్‌కి మాత్రమే ఉన్న తేడాని వెతకాలి.

ముందు ఇంజిన్, తర్వాతే కార్బురేటర్

కార్బురేటర్ ముట్టుకునే ముందు కంప్రెషన్, టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు), టైమింగ్ చూశాం. ఈ మూడూ సరిగా లేని ఇంజిన్‌ని కార్బురేటర్‌తో ట్యూన్ చేస్తే ఆ ట్యూనింగ్ నిలవదు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, వేడి ఇంజిన్ మీద కొలిస్తే కంప్రెషన్ చదరపు సెం.మీ.కి 9.2, 9.4, 9.0, 9.3 కేజీలు వచ్చింది, తేడా లేదు. టాపెట్లలో 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ 0.05 మి.మీ.కి బిగుసుకుంది. ఆ ఇంజిన్‌కి 0.08 నుంచి 0.18 వరకు ఉండాలి. షిమ్ (సందు సరిచేసే బిళ్ల) మార్చి 0.13కి తెచ్చాం. అది సరిచేయాల్సిందే కానీ ఈ జబ్బుకి కారణం కాదు. బిగుతు టాపెట్ వేడిలో కంప్రెషన్ తగ్గిస్తుంది, ఇక్కడ కంప్రెషన్ తగ్గలేదు.

టైమింగ్ లైట్ వేసింది ఇంకో అనుమానంతో. అడ్వాన్స్ బరువులు తుప్పుపట్టి తెరుచుకుని ఉండిపోతే కూడా ఇంజిన్ 2,500 దగ్గర ఇలాగే వేలాడుతుంది, లీన్ మిక్చర్‌తో అచ్చం కవలల్లా ఉంటుంది. స్లోలో గుర్తు ఎఫ్ (స్లోలో ప్లగ్ మండాల్సిన చోటు) మీదే నిలిచింది, ఆర్‌పీఎం పెంచి వదలగానే మళ్లీ అక్కడికే వచ్చింది. అడ్వాన్స్ అనుమానం తీరింది.

పని చేయనివి

వ్యాక్యూమ్ గేజులు నాలుగూ తగిలించి స్లోలో చూస్తే 22, 22, 15, 23 సెం.మీ. (పాదరసం లెక్కన) చూపించాయి. 3వ సిలిండర్ వెనకబడింది. ఇక్కడ ఒక తప్పు జరిగింది, దాన్ని దాచకుండా రాయడం అవసరం. గేజులు తగిలించి ఉన్నాయి కదా అని అప్పుడే సింక్ చేసేశాం (నాలుగు కార్బురేటర్లనీ సమానం చేశాం). 3వ కార్బురేటర్ బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) కొంచెం మూస్తే ముల్లు 22కి వచ్చింది. గేజులు నాలుగూ ఒక్క వరసలో నిలబడ్డాయి, ఇంజిన్ మాత్రం ముందుకన్నా ఘోరంగా నడిచింది.

ఎందుకంటే, కంతలోంచి గాలి లాగుతున్న సిలిండర్‌లో వ్యాక్యూమ్ తక్కువ చూపిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి బటర్‌ఫ్లై మూస్తే, పెట్రోల్ కలిసి వచ్చే గాలి తగ్గి, కంతలోంచి వచ్చే ఉత్త గాలి వాటా పెరుగుతుంది. పైగా బటర్‌ఫ్లై అంచు బైపాస్ చిల్లులు దాటి వెనక్కి పోయి అక్కడి పెట్రోల్ కూడా ఆగిపోతుంది. గేజు సరిగా చూపించింది, సిలిండర్ ఆరిపోయింది. గాలి లీక్ లేదని తేలకుండా సింక్ స్క్రూ మీద చెయ్యి వేయకూడదు.

ఆ సింక్‌ని వెనక్కి తిప్పి, తర్వాత లీక్ వెతకడానికి కార్బురేటర్ క్లీనర్ స్ప్రే చేస్తే ఎక్కడ కొట్టినా ఆర్‌పీఎం మారింది: హోల్డర్ల (కార్బురేటర్లని ఇంజిన్‌కి కలిపే రబ్బరు భాగాల) దగ్గర, ట్యాంక్ కింద, చివరికి ఫ్రేమ్ మీద కొట్టినా. నాలుగు హోల్డర్లూ లీకేనా అన్న అనుమానం కూడా వచ్చింది. అసలు కారణం ఎయిర్ బాక్స్‌కి మిగిలిపోయిన ఆ తెరిచిన నోరు. స్ప్రే ఆవిరి మొత్తం దాంట్లోంచి లోపలికి పోయి నాలుగు కార్బురేటర్లకూ పంచుకుంటోంది. పైగా ఫిల్టర్ దాటిన వైపున ఉంది కాబట్టి దుమ్ము కూడా నేరుగా ఇంజిన్‌కే. ఆ నోటికి బిగుతైన రబ్బరు బిరడా పెట్టి క్లిప్ వేశాకే పరీక్షకి అర్థం వచ్చింది. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రే కొట్టడం ప్రమాదం కూడా. అప్పటినుంచి సన్నటి నీటి తుంపర మాత్రమే వాడాం. లీక్ ఉన్నచోట నీళ్లు ఒక్క క్షణం కంతని మూస్తాయి, స్లో మారుతుంది, అది చాలు.

చల్లటి ఇంజిన్ మీద తుంపరతో ఏమీ దొరకలేదు. ఫిర్యాదు వేడెక్కాక మొదలయ్యేదైతే పరీక్ష కూడా వేడి మీదే చేయాలి. ఇరవై నిమిషాలు ఫ్యాన్ ముందు నడిపి మళ్లీ చూస్తే, 3వ హోల్డర్ వ్యాక్యూమ్ నిపుల్ (గొట్టం తొడిగే చిన్న నోరు) మూత మీద తుంపర పడగానే స్లో తూలింది.

దొరికింది

ఒక్క తుంపరని నమ్మి ఊరుకోలేదు. 3 మీది మూత తీసి 1 మీద పెట్టాం, 1 మీదిది 3 మీద పెట్టాం. గేజుల్లో లోటు 3 నుంచి 1కి నడిచి వెళ్లింది. ఇంతకన్నా గట్టి రుజువు ఉండదు.

ఆ మూత చేతిలో పట్టుకుంటే నున్నగా కొత్తదానిలాగే ఉంది. బొటనవేలితో అంచు వంచితే అప్పుడు బయటపడింది: అంచు చుట్టూ ఐదారు పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలా, లోపలి వరకూ తెరుచుకున్నాయి. వదిలితే మళ్లీ కలిసిపోయాయి. నిపుల్ 5 మి.మీ., మూత కూడా 5కే. కానీ మామూలు రబ్బరు. హెడ్ పక్కన ఆ వేడికి, పెట్రోల్ ఆవిరికి మామూలు రబ్బరు ఎక్కువ కాలం నిలవదు. చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా ఉంటుంది, వేడికి మెత్తబడి వ్యాక్యూమ్‌కి పగుళ్లు విచ్చుకుంటాయి.

ఇంత చిన్న పగులు ఇంత పని చేస్తుందా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. స్లోలో బటర్‌ఫ్లై తెరుచుకునేది వెంట్రుక మందమంత, వ్యాక్యూమ్ మాత్రం చాలా గట్టిగా ఉంటుంది. అప్పుడు 1 మి.మీ. కంత అంటే ఆ సిలిండర్ తాగే గాలిలో పెద్ద వాటా. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిస్తే మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ దాదాపు ఉండదు కాబట్టి అదే కంత లెక్కలోకి రాదు. అందుకే గాలి లీక్ జబ్బు స్లోలో, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ముదురుతుంది, తెరిచేకొద్దీ మాయమవుతుంది. పెట్రోల్ అందని జబ్బు దీనికి సరిగ్గా తిరగేసినట్టు, తెరిచేకొద్దీ, ఎక్కువసేపు నడిచేకొద్దీ ముదురుతుంది. ఈ బండిలో రెండూ కనిపిస్తున్నాయంటే రెండు కారణాలు ఉన్నాయని మొదటి రోజే అనుకోవాల్సింది.

మూయాల్సిన నిపుల్స్‌కన్నిటికీ పెట్రోల్‌ని, వేడిని తట్టుకునే ఫ్లోరో రబ్బరు మూతలు వేసి ఒక్కోదానికి స్ప్రింగ్ క్లిప్ బిగించాం. పెట్రోల్ ట్యాప్‌ని తెరిచే వ్యాక్యూమ్ గొట్టాన్ని దాని చోటే ఉంచాం, కొత్తది వేశాం. రెండు నిపుల్స్‌ని ఒకే గొట్టంతో కలిపేసి ఊరుకోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. అది మూసినట్టే ఉంటుంది కానీ రెండు సిలిండర్లు ఆ గొట్టంలోంచి ఒకదాని గాలి ఒకటి లాక్కుంటాయి. స్లో నిలవదు, సింక్ కుదరదు.

పేలుడు

వ్యాక్యూమ్ లీక్ పోయాక వేలాడటం ఆగింది, పేలడం సగమే తగ్గింది. స్విచ్ వాల్వు లేదు, రీడ్లు లేవు, అయినా ఎగ్జాస్ట్‌లోకి గాలి ఎక్కడో పోతోందన్నమాట. 2వ సిలిండర్ వైపు ప్లేటు పక్కన వాల్వు కవర్ మీద గుడ్డతో తుడిస్తే గీత గీసినట్టు మసి వచ్చింది. ప్లేటు 1.5 మి.మీ. అల్యూమినియం, ప్యాకింగ్ లేదు, మామూలు సిలికాన్ మాత్రమే. బోల్టులు బిగించేసరికి రెండు చివర్లూ కిందికి వంగి నడుమ లేచింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఎగ్జాస్ట్ గ్యాస్ అక్కడ బయటికి కక్కుతోంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు అదే సందులోంచి గాలి లోపలికి పీలుస్తోంది.

3 మి.మీ. ప్లేట్లు కోసి, గాజు పలక మీద 400 నంబరు ఎమరీ పరిచి, మొత్తం ఒకే రంగు వచ్చేవరకు రుద్దాం. వేడిని తట్టుకునే కొత్త ప్యాకింగ్ వేసి ఎం6 బోల్టులు మార్చి మార్చి కొంచెం కొంచెంగా 10 న్యూటన్ మీటర్లకి బిగించాం. ప్లేటు లేకుండా రీడ్ హౌసింగ్ వదిలేసి గొట్టం నోటికి రబ్బరు మూత పెట్టాలంటే లోపల రీడ్లు ఉండి తీరాలి. రీడ్ లేకపోతే ఎగ్జాస్ట్ వేడి నేరుగా తగిలి ఆ మూత కాలిపోతుంది. చివరి రెండు మూడు పేలుళ్లు 4వ బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లేది) ప్యాకింగ్ మార్చి, నట్లు బిగించాక పోయాయి.

ఇరవై నిమిషాల జబ్బు

ఇది ఎయిర్ లీక్‌తో పోదని అప్పటికే తెలుసు. ఆగిపోయిన మరుక్షణం ట్యాంక్ మూత తెరవమని యజమానికి చెప్పాం. 'ఉస్స్' మని గాలి లోపలికి లాక్కుంది, బండి వెంటనే లేచింది. స్టాండ్ మీద కూడా చూశాం. ట్యాంక్ సగం ఉంది, మూత బిగించి, ట్యాప్ ప్రైమ్‌లో (వ్యాక్యూమ్ లేకుండానే పెట్రోల్ వదిలే స్థానంలో) పెట్టి, గొట్టాన్ని కొలత గ్లాసులోకి వదిలితే మొదట ధారగా వచ్చింది, 200 మి.లీ. దగ్గర దారంలా సన్నబడింది, 250 కాకముందే చుక్కలైంది. బొగ్గు డబ్బాకి వెళ్లే గొట్టంలో దూర్చిన బోల్టు పీకగానే మళ్లీ ధార.

ట్యాంక్ నోరు మూసేస్తే, పెట్రోల్ కిందికి దిగేకొద్దీ పైన మిగిలిన గాలి సాగి వ్యాక్యూమ్ పుడుతుంది. ట్యాంక్ ఫుల్‌గా ఉంటే పైన గాలి తక్కువ, కొంచెం పెట్రోల్ దిగినా ఆ వ్యాక్యూమ్ గట్టిపడి ధార ఆగిపోతుంది. ఫుల్ ట్యాంక్‌తో తొందరగా ఆగడానికి కారణం అదే, పెట్రోల్‌లో కల్తీ కాదు. మూత వాషర్ పాతబడి ఎంతో కొంత గాలి రానిస్తోంది, అందుకే ఊళ్లో మెల్లగా తిరిగితే జబ్బు తెలియలేదు. హైవే మీద పెట్రోల్ వాడకం ఆ కొద్ది గాలిని మించిపోయాకే బయటపడింది.

ఆ గొట్టాన్ని కొత్తదానితో మార్చి, సైలెన్సర్‌కి దూరంగా స్వింగ్ ఆర్మ్ వెనక నుంచి కిందికి దించాం. బండి పడితే పెట్రోల్ కారకుండా మధ్యలో రోల్ ఓవర్ వాల్వు పెట్టాం. కొసని ఏటవాలుగా కోశాం, నేలకి ఆనినా నోరు పూర్తిగా మూసుకుపోదు. అదే చూపుతో కార్బురేటర్ ఫ్లోట్ బౌల్ (పెట్రోల్ నిలిచే గిన్నె) గాలి గొట్టాలు కూడా చూశాం, అవి తెరిచే ఉన్నాయి. వాటిని మూసినా ఇదే జబ్బు వస్తుంది, కాకపోతే ఇంకా తొందరగా. క్రాంక్ కేసు బ్రీతర్ (ఇంజిన్ అడుగు భాగానికి ఊపిరినిచ్చే గొట్టం) ఎయిర్ బాక్స్‌కే కలిపి ఉండాలి. అది మూస్తే సీళ్లలోంచి ఆయిల్ కక్కుతుంది.

తిరిగి కంపెనీ లెక్కకి

కంతలు తేలాక జెట్లు 110కి, 37.5కి వెనక్కి తెచ్చాం. మిక్చర్ స్క్రూలు పూర్తిగా బిగించకుండా మెత్తగా ఆనించి, అక్కడి నుంచి రెండుంపావు చుట్లు వదిలి, ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆర్‌పీఎం ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ ఆపాం. రెండు నుంచి రెండున్నర మధ్య నాలుగూ నిలబడ్డాయి. ఇప్పుడు సింక్ చేస్తే నాలుగు గేజుల మధ్య తేడా 2 సెం.మీ. లోపే. స్లో 1,050 దగ్గర నిలిచింది. పొగ మీటర్‌తో ట్యూన్ చేసేవారికి ఇక్కడ ఒక మాట: గాలి ఎక్కించే సిస్టమ్ ఇంకా ఉన్న బండిలో సైలెన్సర్ దగ్గర చూపే కార్బన్ మోనాక్సైడ్ శాతం నిజమైన మిక్చర్‌ది కాదు, కాలి, గాలితో పలచబడ్డ పొగది. ట్యూనింగ్ చేసేంతసేపు ఆ గాలి గొట్టం బిగించి పట్టి కొలవాలి.

ఇత్తడి బిళ్ల ఇంకా ఉన్న బండికి డ్రిల్ బిట్ మీద 2 మి.మీ. దగ్గర టేప్ చుట్టి, చిన్న చిల్లు వేసి, సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూతో లాగాలి. లోతుకి పోతే మిక్చర్ స్క్రూ తల చెడిపోతుంది. తర్వాత, వదులు చేసే ముందే స్క్రూని మెత్తగా ఆనేవరకు బిగిస్తూ చుట్లు లెక్కపెట్టి రాసుకోవాలి. ఇక్కడ యజమాని ఆ లెక్క రాసుకోలేదు, అందుకే పాత సెట్టింగ్ ఎంతో తెలియకుండానే మొదలుపెట్టాల్సి వచ్చింది.

600 కిలోమీటర్ల తర్వాత ప్లగ్గులు నాలుగూ ఒకే రంగులో, లేత గోధుమ రంగులో ఉన్నాయి. ప్లేట్ల పక్కన మసి లేదు.

ఈ కేసులో పాఠం అనిపించింది

ఎమిషన్ సామాను తీసేటప్పుడు ప్రతి గొట్టం విప్పకముందే దాని రెండు కొసలకీ చీటీ కట్టి, అది దేన్ని లాగుతుందో, దేనికి ఊపిరినిస్తుందో రాయాలి. మానిఫోల్డ్, ఎగ్జాస్ట్ పోర్టు, ఎయిర్ బాక్స్ నోళ్లు గాలి చొరకుండా మూయాలి. ట్యాంక్, ఫ్లోట్ బౌల్, క్రాంక్ కేసు నోళ్లు మూయకూడదు. ఈ బండిలో మూసినవాటిలో రెండు (3వ నిపుల్ మూత, 2వ వైపు ప్లేటు) చాలినంత మూసుకోలేదు, మూయకూడని ఒకటి పక్కాగా మూసుకుంది, తెరిచి ఉండకూడనిది ఇంకొకటి తెరిచి ఉంది. జెట్లు మార్చడంతో ఇవన్నీ మరుగున పడ్డాయి.

తీయడం అవసరమా అన్నది వేరే ప్రశ్న. సిస్టమ్ పనిచేస్తుంటే ఇంజిన్‌కి అది చేసే నష్టం ఏమీ లేదు, తీస్తే తగ్గే బరువు కొద్దిపాటి, కాలని పెట్రోల్ వాసన మాత్రం పెరుగుతుంది. అమెరికాలో రోడ్డు బండి నుంచి దీన్ని తీయడం చట్టం ఒప్పుకోదు. మిగతాచోట్ల కూడా పొగ పరీక్ష ఉంటే ముందే చూసుకోవాలి. గొట్టాలు మాత్రమే పోతే గొట్టాలు మార్చడం చవక. యజమాని రీడ్లు, హౌసింగులు, స్విచ్ వాల్వు పారేయలేదు. వాటిని శుభ్రం చేసి, నూనె రాసి, ప్లాస్టిక్ సంచుల్లో సిలిండర్ నంబర్లు రాసి ఒక డబ్బాలో పెట్టించాం. బొగ్గు డబ్బా నోళ్లకి టేపు అంటించాం. రబ్బరు మూతల విడి సెట్టు ఒకటి సీటు కింద టూల్ సంచిలో ఉంది, మార్చిన తేదీ దాని మీదే రాసి.